అరిగిన రెక్క, విరిగిన మణికట్టు

మా మేడమ్ పోయారన్న కబురు నాకు పొద్దున పదకొండింటికి, కాలేజీ లాబ్‌లో అరుగుదల పరీక్ష నడుస్తుండగా తెలిసింది. కోదాడ నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశారు. "అక్క పోయిందమ్మా. టిఫిన్ తిని కుర్చీలో కూర్చుంది. పేపర్ ఇద్దామని పిలిస్తే పలకలేదు" అన్నారు. నా ముందు ఉక్కు చక్రం ఒక నల్లటి ముక్కను రాసుకుంటూ, కీచుమంటూ తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపడానికి నాకు చెయ్యి రాలేదు. పరీక్షను మధ్యలో ఆపితే ఆమె కొట్టినంత పని చేసేవారు.

అంత నెమ్మదిగా వెళ్లిపోయారంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. నేను ఎరిగిన ఆమె బతుకంతా చప్పుళ్ల మధ్య, దెబ్బల మధ్య గడిచింది. వాటిలో కొన్ని ఆమె కొట్టినవి. కొన్ని ఆమె తిన్నవి. అందులో ఒక దెబ్బ నేను చూస్తుండగా, నేను తలుపు వేసుకుని ఉండగా పడింది. ఆ సంగతి చెప్పకుండా ఆమె గురించి ఏం చెప్పినా అది సగమే అవుతుంది.

సూర్యాపేట ఊరి చివర మా ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె మెకానికల్ పాఠాలు చెప్పేవారు. పెళ్లి చేసుకోలేదు. కోదాడలో తమ్ముడి కుటుంబంతో ఉంటూ రోజూ బస్సులో వచ్చిపోయేవారు. మునగాల దగ్గర ధాబాల ముందు ఆగిన లారీల టైర్లను కిటికీలోంచి చూసుకుంటూ రావడం ఆమెకు సరదా. అరిగిన వస్తువు ఏది కనపడినా ఆగిపోయేవారు. చెరకు రసం బండి రోలర్ల మీద బొటనవేలు పెట్టి తడిమేవారు. బండివాడు "మేడమ్, ఏలు పోతది" అని అరిచేవాడు.

నిడమనూరు నుంచి వచ్చి ఆమె దగ్గర పరిశోధనకు చేరిన రోజు ఆమె నా ముఖం చూడలేదు. నా చెప్పులు చూశారు.

"ఎడమ మడమ బయటి వైపు అరిగింది. చిన్నప్పుడు కాలికి దెబ్బ తగిలిందా?"

ఎనిమిదేళ్లప్పుడు ట్రాక్టర్ మీంచి పడ్డాను. అది మా ఇంట్లోవాళ్లే మరిచిపోయారు.

"అరుగుదల అబద్ధం చెప్పదమ్మాయ్" అన్నారు. "మనుషులే చెప్తారు."

మా పని బోరైడ్ల మీద. టైటానియం, జిర్కోనియం, నియోబియం లాంటి నాలుగైదు లోహాలను బోరాన్‌తో కలిపి, ఆ పొడిని అచ్చులో నొక్కి, కరిగించకుండానే వేడితో గట్టి ముక్కగా అతికించాలి. సరిగ్గా అతికితే ఉక్కును గీసేంత గట్టిదనం వస్తుంది. కానీ అతకడానికి రెండు వేల డిగ్రీల దాకా వేడి కావాలి. ఆ వేడినిచ్చే వాక్యూమ్ ఫర్నేస్ కోసం ఆమె ఎన్నో ఆఫీసుల చుట్టూ తిరిగి, చివరికి ఒక ప్రాజెక్టు కింద తెప్పించుకున్నారు. దాన్ని రోజూ తనే తుడిచేవారు.

ఆమె టేబుల్ మీద ఎప్పుడూ ఒక సుత్తి ఉండేది. ఏ ముక్క తయారైనా కొలతల కంటే ముందు దాన్ని ఇనుప దిమ్మె మీద పెట్టి కొట్టేవారు. నెల రోజుల కష్టం ఒక్క దెబ్బకు పెంకులైపోతే నాకు ఏడుపు వచ్చేది. "ఏడవకు. పెంకు చూడు. ఎక్కడ మొదలై ఎటు పోయిందో చెప్పు" అనేవారు. చెప్పేదాకా వదిలేవారు కాదు.

నేను చేరిన రెండో ఏడు, వేములపల్లి దాటాక ఉన్న ఒక రైస్‌మిల్లులో ఊక బ్లోయర్ పేలింది. వడ్లు ఆడించినప్పుడు వచ్చే ఊకను గొట్టాల్లోకి ఊదే పెద్ద ఫ్యాన్ అది. ఊక ముట్టుకుంటే మెత్తగా ఉంటుంది గానీ దానిలో ఇసుక గుణం ఉంది. రాత్రింబగళ్లు కొట్టుకుంటూ పోతే ఉక్కు రెక్క కూడా సబ్బుబిళ్లలా తరిగిపోతుంది. ఆ రోజు ఒక రెక్క తెగింది. బ్లోయర్ రేకు డొక్కను చీల్చుకుని వచ్చి, ఎదురుగా నిలబడ్డ ఆపరేటర్ మెడను కోసి, రేకుల గోడ దాటి వడ్ల బస్తాల్లో దిగబడింది. మిగతా రెక్కలు తూకం తప్పి ఒకదాన్నొకటి నరుక్కున్నాయి. స్విచ్ దాకా పోయే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఎవరో వెళ్లి మెయిన్ తీసేదాకా ఆ ఇనుము తన్నుకుంటూనే ఉందట, ఆ మనిషి శవం పక్కన.

ఆపరేటర్ తాగివచ్చి బ్లోయర్‌లో ఇనుప రాడ్ వేశాడని మిల్లువాళ్లు చెప్పారు. పోలీసులు రెక్క ముక్కలను అభిప్రాయం కోసం మా కాలేజీకి పంపారు. అవి మేడమ్ టేబుల్ మీదికి వచ్చాయి. రక్తంతో అంటుకుపోయిన ఊకను ఆమే కుంచెతో తీశారు. నన్ను ముట్టుకోనివ్వలేదు.

మూడో రోజు ఆపరేటర్ భార్య లాబ్‌కు వచ్చింది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"మేడమ్, మా ఆయన తాగిండని రాసిండ్రంట. సుక్క ముట్టడు ఆయన. రాడ్ ఏసిండంటరు. గీ ముక్కలు జూస్తే తెల్వదా మీకు?"

"తెలుస్తుంది. కానీ నేను చెప్తే నా మాట అవుతుంది. నువ్వే చూడు" అని మేడమ్ ఆమెను మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టారు.

ఆమె కన్ను ఆనించింది. "దుక్కి దున్నినట్టున్నది" అంది.

"ఊక దున్నిన దుక్కి అది. రోజూ కాస్త కాస్త. రాడ్ తగిలితే ఒక్కచోట లొట్ట పడాలి. లొట్ట ఉందా?"

"లేదు."

"ఇప్పుడు ఇటు చూడు. బుడిపెల్లా ఉన్నాయి కదా, అది వెల్డింగ్. రెక్క సన్నబడిన ప్రతిసారీ పైన ఇనుము పోసి నడిపారు. ఆ పక్కనే పగిలింది."

ఆమె తలెత్తింది. "అంటే అరిగిందని వాళ్లకు ఎరుకేనా?"

"తెలుసు" అన్నారు మేడమ్. "అదే రాస్తాను."

ఆ మాట ఎలా బయటికి పోయిందో తెలియదు. రెండు రోజుల తర్వాత మిల్లు మేనేజర్ స్వీట్ డబ్బా పట్టుకుని వచ్చాడు. తెల్ల చొక్కా, మెత్తటి మాట. "మీరు సదువుకున్నోళ్లు మేడమ్. రాడ్ తగిలి ఉండొచ్చని ఒక్క మాట రాయుండ్రి. తగిలిందని రాయమంటలేను. ఉండొచ్చు అంతే."

"ఉండొచ్చని రాయాలంటే ఒక్క లొట్ట చూపించండి."

అతని ముఖం మారింది. "ఒక్క ఆడమనిషివి. రోజు కోదాడ బస్సుల పోతవ్."

"పోతాను. ఐదున్నర బస్సు. ఎడమ వైపు కిటికీ" అని మేడమ్ స్వీట్ డబ్బా అతని చేతికి తిరిగి ఇచ్చేశారు. మర్నాడే రిపోర్టు, రెక్క ముక్కలు తనే తీసుకెళ్లి స్టేషన్‌లో ఇచ్చి వచ్చారు.

ఆ పై రోజు వాళ్లు వచ్చారు. మధ్యాహ్నం మూడు. పరీక్షలు అయిపోయి కాలేజీ ఖాళీగా ఉంది. నలుగురు. చేతుల్లో రాడ్లు. ముందున్నవాడు మేనేజర్. మిగతా ముగ్గురి ముఖాలకు గుడ్డలు.

నేను పరుగెత్తాను. మేడమ్ నన్ను పొమ్మనలేదు. ఎవరూ తోయలేదు. నా కాళ్లే పొడులు దాచే గదిలోకి తీసుకుపోయాయి, నా చెయ్యే గడియ పెట్టింది. ఆ తలుపుకు అరచేయంత అద్దం ఉంది. అందులోంచి అంతా చూశాను.

మొదటి దెబ్బ ఫర్నేస్ కిటికీ మీద పడింది. తర్వాత నీళ్ల గొట్టాల మీద. నీళ్లు పైకి చిమ్మి దీపాల దాకా వెళ్లాయి. అలమారలో సీసాలు పగిలి నల్లటి పొడి గాలిలో లేచింది. ఆ మబ్బులో మేడమ్ కదలకుండా నిలబడి ఉన్నారు. ఒకడు మైక్రోస్కోప్ వైపు వెళ్లబోతే ఆమె టేబుల్ మీది సుత్తి తీసి వాడి మోచేతి మీద కొట్టారు. వాడు కింద కూలబడి అరిచాడు. ఇంకొకడు ఆమె చేతి మీద రాడ్ వేశాడు. గాజు మీద పడ్డ రాడ్ చప్పుడుకూ, మనిషి ఎముక మీద పడ్డ రాడ్ చప్పుడుకూ తేడా నాకు ఈ రోజుకీ తెలుసు.

"ముక్కలేడ పెట్టినవే?" మేనేజర్ ఆమె జుట్టు పట్టుకున్నాడు.

"స్టేషన్‌లో. రిపోర్టు కూడా. నిన్ననే ఇచ్చేశాను."

అప్పుడు అతను ఆమెను కింద పడేసి తన్నాడు. ఇక ఆమె నుంచి వాళ్లకు కావలసింది ఏమీ లేదు. అయినా తన్నాడు.

వాళ్లు పోయాక కూడా నాకు గడియ తీయడం రాలేదు. ఆమే పాకుతూ వచ్చి ఎడమ చేత్తో తలుపు కొట్టారు. "వెళ్లిపోయారు. బయటికి రా. ముందు నీళ్ల వాల్వు కట్టెయ్, పంపు మోటారు కాలిపోతుంది."

ఆమె కుడి మణికట్టు మూడు చోట్ల విరిగింది. రెండు పక్కటెముకలు కూడా. ఆసుపత్రిలో నేను ఆమె మంచం పక్కన నిలబడి ఏదో చెప్పబోయాను. ఆమె చెప్పనివ్వలేదు. "తలుపేసుకోవడమే మంచిదయింది. లేకపోతే రెండు మంచాలు కావాల్సొచ్చేది" అన్నారు. ఆ తర్వాత ఎన్నడూ ఆ ప్రస్తావన తేలేదు.

పోలీసులు అడిగినప్పుడు నేను పొడుల గదిలో ఉన్నానని, ఎవరినీ చూడలేదని చెప్పాను. ఆ పొద్దునే మా నాయన ఫోన్ చేశాడు. "ఆ మిల్లోళ్లే మన వడ్లు కొనేది బిడ్డా. నువ్వేం సూడలే. సమజయిందా?" ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ముగ్గురినీ మేడమ్ గుర్తుపట్టలేకపోయారు. మేనేజర్‌ను గుర్తుపట్టారు గానీ, ఆ సమయానికి తను మిర్యాలగూడలో ఉన్నానని అతను పదిమంది సాక్షులను తెచ్చుకున్నాడు. ఆమె మాట ఒక్కటే మిగిలింది.

ఫర్నేస్ బాగుపడలేదు. కొత్తది కొనే స్తోమత లేదని కాలేజీ చెప్పేసింది. మూలన పడి ఉన్న పాత గొట్టం ఫర్నేస్ ఒకటి ఉంది. దాన్ని ఎంత వేడెక్కించినా పద్నాలుగు వందల డిగ్రీలు దాటదు. నా పరిశోధన అక్కడితో ఆగిపోయిందనుకున్నాను. చేతికి కట్టుతో తిరిగొచ్చిన మేడమ్ ఆ పాతదాని మీది దుమ్ము ఊదారు.

"రెండు వేలు లేవు. పద్నాలుగు వందలున్నాయి. ఉన్న వేడితోనే అతకాలి."

అలా మొదలైంది. పొడిలో కాస్త నికెల్ కలిపాం. అది బోరాన్‌తో కూడి తక్కువ వేడికే కరిగి, రేణువుల సందుల్లోకి పారి వాటిని దగ్గరికి లాగుతుంది. రాయడానికి రెండు వాక్యాలు. చేయడానికి ఏడాదిన్నర పట్టింది. నికెల్ ఎక్కువైతే ముక్క మెత్తబడి ఇట్టే అరిగేది. తక్కువైతే లోపల బొక్కలు. కొన్ని ఫర్నేస్‌లోనే చీలిపోయాయి. ఒకటి కరిగి కారి గొట్టాన్ని పగలగొట్టింది. మేడమ్ ఎడమ చేత్తో సుత్తి పట్టడం నేర్చుకున్నారు. మొదట్లో దెబ్బ తప్పి కుడి చేతి వేళ్ల మీద పడేది. అప్పుడు వచ్చే తిట్లు కాలేజీ లెక్చరర్ తిట్టేవి కావు.

ఒక వానాకాలం రోజు సుత్తి ముక్క మీద పడి పైకి ఎగిరింది. ముక్క చెక్కుచెదరలేదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

దాన్నుంచి మూడు ముక్కలు కోసి అరుగుదల పరీక్ష పెట్టాను. వాన రోజుల్లో పెట్టిన రెండూ అరిగీ అరగనట్టున్నాయి. వారం తర్వాత ఎండ కాసిన రోజు పెట్టిన మూడోది దారుణంగా అరిగింది. మేడమ్ టీ తాగుతుంటే చూపించి, "మూడోది తీసేద్దాం మేడమ్. సరిగ్గా బిగించి ఉండను" అన్నాను.

స్టీలు గ్లాసు నా చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలింది. వేడి టీ నా భుజం మీద పడింది.

"బిగించింది నువ్వే కదా! సరిగ్గా బిగించలేదని గుర్తుందా, గుర్తుంటే బాగుండుననుకుంటున్నావా?"

నేను వంగి గ్లాసు తీసి టేబుల్ మీద పెట్టాను.

"చూసింది రాయాలి. నచ్చనిది కూడా రాయాలి. నన్నూ ఒక్క మాట మార్చమనే అడిగారు." ఆమె వంకరగా అతికిన మణికట్టును టేబుల్ మీద పెట్టారు. "అది మారిస్తే ఈ చెయ్యి బాగానే ఉండేది."

నన్ను ఉద్దేశించి అన్నారో లేదో ఇప్పటికీ తెలియదు. నేనేం చూశానో ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. ఆ తలుపుకు అద్దం ఉందని మాత్రం ఆమెకు తెలుసు. మర్నాడు నేను లాబ్‌కు వెళ్లలేదు. పోలీస్ స్టేషన్‌కు వెళ్లి, చూసిందంతా చెప్పి సంతకం చేశాను.

ఆ వారం ఇంటికి పోతే మా నాయన నన్ను కొట్టాడు. పుట్టాక అదే మొదటిసారి. చెంప మీద ఐదు వేళ్లూ తేలాయి. "కొంప ముంచినవ్ గదనే!" ఆ పంటకు మా వడ్ల ట్రాక్టర్‌ను మిల్లు గేటు దగ్గరే వెనక్కి పంపేశారు. నాయన అదే ట్రాక్టర్ మీద ఎండలో ఊరంతా చూస్తుండగా తిరిగొచ్చి, ఇంటి ముందు ఆపి, దిగకుండా చాలాసేపు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు నాతో మాట్లాడలేదు. కానీ సాక్ష్యం రోజున నేను బస్సుకు బయల్దేరుతుంటే బండి స్టార్ట్ చేశాడు. "ఎక్కు. గంత దూరం ఒక్కదానివి పోకు."

సూర్యాపేట కోర్టులో వాళ్ల వకీలు నన్ను నిలదీశాడు. "మీ టీచర్‌ని కొడుతుంటే తలుపేసుకుని దాక్కున్నారు. అవునా? ఏడాది దాటాక ఇప్పుడు గుర్తొచ్చిందా? ఇలాంటి మనిషి మాట కోర్టు ఎందుకు నమ్మాలి?"

"దాక్కున్నాను సార్. అబద్ధం కూడా చెప్పాను" అన్నాను. "కానీ దాక్కున్నా కాబట్టే చివరిదాకా చూశాను. మేడమ్ కళ్లు మూసుకున్న తర్వాత ఈయన ఏ కాలితో తన్నాడో కూడా చూశాను."

మేనేజర్‌కు, సుత్తి దెబ్బ తిన్న మోచేతితో దొరికినవాడికి, వాడు పేరు చెప్పిన ఇంకొకడికి జైలు పడింది. నాలుగోవాడు దొరకలేదు. ఓనర్ మీద దెబ్బ పడలేదు, ఆయన ఇప్పటికీ తెల్ల కారులో తిరుగుతున్నాడు. కానీ బ్లోయర్ కేసులో ఆపరేటర్ తాగి ఉన్నాడన్న మాటను కొట్టేశారు. ఆ కాగితం చేతికి వచ్చిన రోజు అతని భార్య లాబ్‌కు వచ్చి, అది మేడమ్‌తో రెండుసార్లు చదివించుకుంది. "సాలు మేడమ్. పిల్లలకు సూపెడ్త" అంది.

మేడమ్ ఆ మూడో ముక్కను వదల్లేదు. గాలిలో తేమ ఉన్న రోజున బోరైడ్ మీద సన్నటి జారుడు పొర ఏర్పడుతుందని, అదే దాన్ని కాపాడుతుందని, ఎండ రోజున ఆ పొర ఉండదని తేలింది. నేను తీసేద్దామన్న కొలత మీదే నా థీసిస్ నిలబడింది. ఆమె దాని గురించి ఒక్క ఎత్తిపొడుపు మాట కూడా అనలేదు. నేను ఆమెకు రుణపడ్డ విషయాల్లో అదొకటి.

తర్వాత మిర్యాలగూడలో ఇంకో మిల్లు యజమాని తన బ్లోయర్ డొక్కలో మా బోరైడ్ బిళ్లలు అతికించుకోవడానికి ఒప్పుకున్నాడు. అక్కడి ఆపరేటర్ ఎవరో కాదు, ఆ చనిపోయిన మనిషి భార్యే. పట్టుబట్టి ఆ పనే నేర్చుకుంది. మొదటిసారి మోటారు వేగం అందుకోగానే బిళ్లలు ఊడి డొక్కలో తుపాకీ గుళ్లలా పేలాయి. అందరూ నేల మీద పడ్డారు. నేను కూడా. ఆమె ఒక్కతే పరుగెత్తి స్విచ్ ఆపింది. మేడమ్ పెంకులు ఏరుకుంటూ, "బిళ్ల విరగలేదు, అతుకు విడింది. బతికాం" అన్నారు. రెండోసారి అవి సీజనంతా నిలిచాయి. రేకు డొక్క మీద ఆ వంకర చేతిని ఆనించి, లోపల ఊక హోరు వింటూ మేడమ్ నిలబడేవారు. "చప్పుడు మారితే నాకు ఫోన్ చెయ్" అని ఆపరేటర్‌కు చెప్పేవారు. ఆమె నిజంగానే చేసేది. అడ్డమైన వేళల్లో, అడ్డమైన చప్పుళ్లకు.

మేడమ్ నన్ను ధైర్యవంతురాలిని చేశారని రాయను. ఇప్పటికీ ఎక్కడైనా ఇనుము గట్టిగా మోగితే నా కళ్లు ముందు తలుపు కోసం వెతుకుతాయి. భయపడ్డప్పుడు భయపడ్డానని ఉన్నదున్నట్టు రాయవచ్చునని మాత్రం ఆమె దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేను అదే చెప్తున్నాను, గ్లాసు విసరకుండా.

కోదాడలో ఆ సాయంత్రమే సమాధి చేశారు. పాస్టర్ గారు ప్రార్థన చదివారు. తమ్ముడు, కాలేజీవాళ్లు, పాత విద్యార్థులు తలా గుప్పెడు మన్ను వేశారు. మా నాయన కూడా వచ్చి, గుప్పెడు వేసి వెనక నిలబడ్డాడు. గుంత పూడ్చే మనిషి పార అందుకునే లోపు మిర్యాలగూడ నుంచి ఆపరేటరమ్మ వచ్చింది. డ్యూటీ మీంచి నేరుగా వచ్చినట్టుంది, పనిలో తొడుక్కునే చొక్కా చీర మీద అలాగే ఉంది. ముఖం చూస్తావా అని అడగడానికి కూడా లేదు, పెట్టెను అప్పటికే కిందికి దించేశారు. ఆమె ఒక్క క్షణం గుంతలోకి చూసి, కొంగు నడుముకు బిగించి, ఆ మనిషి చేతిలోంచి పార లాక్కుంది. మొదటి పార మన్ను పెట్టె మీద ధన్‌మని పడింది. ఎవరో అబ్బా అన్నారు. ఆమె ఆగలేదు. పళ్లు బిగబట్టి, మట్టి కుప్పను పొడుస్తూ, ఎత్తుతూ, వేస్తూనే ఉంది. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. మగవాళ్లు ఇద్దరు ముందుకు వచ్చి, "ఇగ ఇయ్యమ్మా, మేమేస్తం" అన్నారు. ఆమె ఇవ్వలేదు. వాళ్లు పక్కకు జరిగి నిలబడ్డారు. నేల సమమయ్యేదాకా ఆ పార చప్పుడు ఒక్కటే వినిపించింది.